1ఎండీబీ కుంభకోణం: ఒకే వార్తను ఒక్కో దేశపు పేపర్ ఒక్కోలా ఎందుకు రాసింది?

శ్రావణి_జె

అందరికీ నమస్కారం. ఎం.ఏ. జర్నలిజం చదువుతున్నా. ఒకే ఆర్థిక కుంభకోణాన్ని వేర్వేరు దేశాల పత్రికలు ఎలా రాశాయో పోల్చి సెమినార్ ఇవ్వాలి. క్లాసులో సగం మంది సత్యం కంప్యూటర్స్ కుంభకోణం తీసుకుంటారని నేను మలేషియా 1ఎండీబీ పట్టుకున్నా, ఇప్పుడు తల పట్టుకుని కూర్చున్నా.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. నజీబ్ రజాక్ ప్రధాని అయిన 2009లోనే మొదలైన ప్రభుత్వ పెట్టుబడి సంస్థ 1ఎండీబీ. దేశాభివృద్ధి పేరు చెప్పి బోలెడు అప్పులు తెచ్చింది. అందులోంచి దాదాపు 450 కోట్ల డాలర్లు పక్కదారి పట్టాయని అమెరికా న్యాయశాఖ లెక్క. జో లో అనే పెనాంగ్ కుర్రాడు సూత్రధారి అంటారు, అతను ఇప్పటికీ దొరకలేదు. 2015 జులై 2న వాల్ స్ట్రీట్ జర్నల్ దాదాపు 70 కోట్ల డాలర్లు నజీబ్ సొంత ఖాతాల్లోకి వెళ్లాయని రాసింది. నజీబ్ మాత్రం నేను సొంతానికి పైసా వాడుకోలేదు, ఇదంతా రాజకీయ కుట్ర అన్నాడు.

నా సమస్య ఏంటంటే, అమెరికా పేపర్లు తీస్తే ఇది ఒక అవినీతి ప్రధాని కథ. అప్పటి మలేషియా పెద్ద పేపర్లు తీస్తే ప్రధాని మీద జరిగిన కుట్ర కథ. సింగపూర్ పేపర్లలో బ్యాంకుల మీద నియంత్రణ సంస్థ కొరడా ఝళిపించిన కథ. మన దగ్గర జో లో ఇచ్చిన హాలీవుడ్ పార్టీల కథ. మా సార్‌ని అడిగితే "యజమాని ఎవరో చూడు, అదే జవాబు" అన్నారు. అంతేనా? అంత సులువైతే సెమినార్ ఎందుకు? ఇంకేం చూడాలో చెప్పండి ప్లీజ్.

కేఎల్_లక్ష్మి

చెల్లీ, నేను కౌలాలంపూర్‌లోనే ఉంటాను, ఆ రోజులన్నీ కళ్లారా చూశాను కాబట్టి కాస్త పెద్దగానే రాస్తున్నా.

మీ సార్ చెప్పింది సగం నిజం. ఉతుసాన్ మలేషియా అప్పట్లో నజీబ్ పార్టీ ఉమ్నో చేతిలో ఉండేది. న్యూ స్ట్రెయిట్స్ టైమ్స్ ఉన్న మీడియా ప్రిమా గ్రూపు కూడా ఆ పార్టీకి దగ్గరే. ద స్టార్‌లో పెద్ద వాటా ఎంసీఏది, అది ఉమ్నోతో కలిసి ప్రభుత్వంలో ఉన్న చైనీయుల పార్టీ. అంటే మూడు పేపర్లు కొన్నా ఇంట్లోకి వచ్చేది ఒకే వార్త. ఇక్కడ పేపర్ అచ్చువేయాలంటే 1984 నాటి ప్రింటింగ్ చట్టం కింద హోంశాఖ లైసెన్స్ ఉండాలి, దాన్ని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. ఎడిటర్ కుర్చీలో కూర్చున్నవాడి బుర్రలో ఇది ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది.

మిగతా సగం నిజం ద ఎడ్జ్. అది కూడా ఇక్కడి పేపరే, ఇక్కడి వ్యాపారవేత్తదే, ఇదే లైసెన్స్ కింద నడిచేదే. 2015 జులై 20న జో లో, పెట్రోసౌదీ అనే కంపెనీ కలిసి మలేషియా ప్రజల డబ్బు ఎలా కొట్టేశాయో పేర్లతో సహా వేసింది. వారం తిరిగేలోపు మూడు నెలల సస్పెన్షన్. సెప్టెంబర్‌లో హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది, అది వేరే సంగతి. ఆ జులై నెలాఖరుకే నజీబ్ ఉప ప్రధాని ముహ్యిద్దీన్‌నీ, విచారణ చేస్తున్న అటార్నీ జనరల్‌నీ ఇద్దరినీ తీసేశాడు. ఈ కథ మొదట బయటపెట్టిన లండన్ వెబ్‌సైట్ సరావక్ రిపోర్ట్‌ని బ్లాక్ చేశారు. ద మలేషియన్ ఇన్‌సైడర్‌ని 2016 ఫిబ్రవరిలో బ్లాక్ చేస్తే మార్చిలో మూతపడింది. మలేషియాకినీ ఒక్కటి ఎలాగో నిలబడింది, వెబ్‌సైట్లకు ప్రింటింగ్ లైసెన్స్ అక్కర్లేదు మరి. కాబట్టి "మలేషియా పత్రికలు ఇలా రాశాయి" అని ఒకే గాటన కట్టావంటే వీళ్లకి అన్యాయం చేసినట్టే.

పేపర్లో రానిదంతా వాట్సాప్‌లో వచ్చేది, మామక్ షాపులో టీ తాగుతూ ఆ ఫార్వర్డులు చదువుకునేవాళ్లం. పొద్దున పేపర్లో మాత్రం ప్రధాని ఏదో వంతెన ప్రారంభిస్తూ నవ్వుతుండేవాడు.

2018 మే 9 ఎన్నికల్లో ఉమ్నో కూటమి 61 ఏళ్ల తర్వాత మొదటిసారి ఓడిపోయింది. అంతే, నిన్నటిదాకా నోరు మెదపని పేపర్లు రాత్రికి రాత్రి గొంతు మార్చాయి. నీ సెమినార్‌కి అసలు సరుకు ఇక్కడుంది. పోలీసులు నజీబ్‌కి సంబంధించిన ఇళ్లలో సోదాలు చేసి 567 హ్యాండ్‌బ్యాగులు, 12,000 నగలు, 423 వాచీలు, 11 కోట్ల రింగిట్లకు పైగా నగదు పట్టుకున్నారు. ఇక ఇక్కడి పేపర్లు, బయటి పేపర్లు తేడా లేకుండా బ్యాగులే బ్యాగులు. ఆయన భార్య రోస్మా ఫోటో లేని పేజీ లేదు.

నాకు ఒళ్లు మండేది అక్కడే. నజీబ్‌కి 2020 జులైలో మొదటిసారి 12 ఏళ్ల శిక్ష పడింది ఎస్ఆర్‌సీ ఇంటర్నేషనల్ కేసులో. 1ఎండీబీకి ఒకప్పటి అనుబంధ సంస్థ అది. ప్రభుత్వోద్యోగుల పెన్షన్ ఫండ్ దగ్గర 400 కోట్ల రింగిట్లు అప్పు తెచ్చింది. అందులోంచి 4.2 కోట్లు నజీబ్ ఖాతాకి చేరాయన్నదే కేసు. టీచర్లు, గుమాస్తాలు, పోలీసుల రిటైర్మెంట్ డబ్బు! కానీ పెన్షన్ ఫండ్‌కి ఫోటో ఉండదు కదా, బ్యాగుకి ఉంటుంది. తీర్పు రోజు బయటి దేశాల హెడ్డింగులు చాలావరకు 1ఎండీబీ అనే వేశాయి, బయటివాళ్లకి తెలిసిన పేరు అదే కాబట్టి. ఇక్కడి పేపర్లు మాత్రం ఎస్ఆర్‌సీ అని వేశాయి. ఈ రెండు రకాల హెడ్డింగులు పక్కపక్కన పెట్టి చూడు.

నిజం_చెప్తా

అన్ని దేశాల పేపర్లూ అమ్ముడుపోయినవే. ఎవడు డబ్బిస్తే వాడి పాట. సెమినార్ అయిపోయింది, సమోసాలు పంచండి.

కేఎల్_లక్ష్మి

అయ్యా, అమ్ముడుపోవడమే తెలిస్తే ద ఎడ్జ్ వాళ్లు మూడు నెలల సస్పెన్షన్ ఎందుకు నెత్తిన వేసుకుంటారు? స్విట్జర్లాండ్ మనిషి జేవియర్ జుస్తో పెట్రోసౌదీ ఫైళ్లు బయటికిచ్చి థాయ్‌లాండ్ జైల్లో ఏడాదిన్నర ఎందుకు మగ్గుతాడు? సమోసాలు మీరే తినండి.

సింగపూర్_శీను

లక్ష్మి గారు చెప్పింది మలేషియా లోపలి సంగతి. నేను బ్యాంకింగ్ కంప్లయన్స్‌లో, అంటే బ్యాంకు నిబంధనలు పాటిస్తోందా అని చూసే విభాగంలో పనిచేస్తాను, నాకు కనిపించేది ఇంకొకటి. శ్రావణీ, ప్రతి పేపర్‌నీ ఒక ప్రశ్న అడుగు: ఈ డబ్బు నడిచిన దారిలో మీ దేశం ముక్క ఏది, దాని గురించి ఎంత మెత్తగా రాశారు?

నేను గమనించింది ఏంటంటే, అవినీతి ఎప్పుడూ పక్క దేశంలోనే జరుగుతుంది. మన దేశంలో జరిగితే దాన్ని "నియంత్రణలో లోపాలు" అంటారు.

సింగపూర్ సంగతే తీసుకో. జో లో తరఫు డబ్బు బోలెడు ఇక్కడి బ్యాంకుల్లోంచే తిరిగింది. 2016 మేలో సింగపూర్ ద్రవ్య ప్రాధికార సంస్థ (మన రిజర్వు బ్యాంకు లాంటిది) స్విస్ వాళ్ల బీఎస్ఐ బ్యాంక్ లైసెన్స్ రద్దు చేసింది, 1984 తర్వాత ఒక మర్చంట్ బ్యాంకుని మూయించడం అదే మొదలు. అక్టోబర్‌లో ఫాల్కన్ బ్యాంకుని మూసేసింది, డీబీఎస్‌కీ యూబీఎస్‌కీ జరిమానాలు వేసింది. ఇక్కడి పేపర్ల కథ ఏంటి? మన నియంత్రణ సంస్థ ఎంత గట్టిదో చూడండి అని. ఆ సొమ్ము అన్నేళ్లు ఎవరి కళ్లముందు తిరిగింది అనే ప్రశ్న ఎక్కడో లోపలి పేజీ విశ్లేషణల్లో చివరికి వచ్చేది. మూసేసిన రెండు బ్యాంకులూ స్విస్‌వే కావడం కూడా ఆ కథకి బాగా కలిసొచ్చింది.

స్విట్జర్లాండ్ పేపర్లకీ అదే బెంగ, వాళ్ల బ్యాంకుల పరువు. బీఎస్ఐ వాళ్లదే, ఫాల్కన్ వాళ్లదే. కానీ వాళ్ల అటార్నీ జనరల్ బయటికొచ్చి మాట్లాడటంతో పేపర్లకి మలేషియా వైపు చూపించడానికి ఒక మొనగాడు దొరికాడు. పెట్రోసౌదీ పెద్దలిద్దరికి శిక్ష పడింది 2024 ఆగస్టులో, బెల్లిన్‌జోనాలోని ఫెడరల్ క్రిమినల్ కోర్టులో. అప్పటికి ప్రపంచానికి ఈ కథ పాతబడిపోయింది.

ఇక అమెరికా. గోల్డ్‌మన్ శాక్స్ 2012, 2013లో మూడు విడతల్లో బాండ్లు అమ్మి 1ఎండీబీకి 650 కోట్ల డాలర్లు తెచ్చిపెట్టింది. దానికి తీసుకున్న ఫీజు దాదాపు 60 కోట్లు. వందకి తొమ్మిది పైచిలుకు! ఈ రంగంలో ఉన్నవాడెవడికైనా ఆ అంకె చూస్తే నవ్వొస్తుంది, ప్రభుత్వ సంస్థ బాండ్లకి అంత ఫీజు ఎవరూ ఇవ్వరు. చాలాకాలం ఇది బిజినెస్ పేజీ వార్త. తర్వాత గోల్డ్‌మన్‌లో పనిచేసిన టిమ్ లైస్నర్ నేరం ఒప్పుకున్నాక ఒక బ్యాంకరు దారి తప్పాడు అనే కథగా మారింది. 2019 జనవరిలో గోల్డ్‌మన్ సీఈఓ డేవిడ్ సాలమన్ మలేషియా ప్రజలకు క్షమాపణ చెప్పాడు, అదీ లైస్నర్ చేసిన పనికి అని. 2020 అక్టోబర్‌లో గోల్డ్‌మన్ 290 కోట్ల డాలర్లకి పైగా కట్టి బయటపడింది. నేరం ఒప్పుకున్నది మలేషియా అనుబంధ సంస్థ, న్యూయార్క్ మాతృసంస్థ కాదు. మరి ఇదే పని కౌలాలంపూర్‌లో ఒక మంత్రి చేస్తే హెడ్డింగులో అవినీతి అంటాం, మన్‌హటన్‌లో బ్యాంకు చేస్తే సెటిల్‌మెంట్ అంటాం.

పాత_డెస్క్_బాబాయ్

ఒక తెలుగు దినపత్రిక డెస్కులో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. శీను బాబు మాట వినడానికి బాగుంది కానీ పూర్తిగా ఒప్పుకోను. గోల్డ్‌మన్ ఫీజుల సంగతి తవ్వి తీసింది ఎవరనుకున్నావు? న్యూయార్క్‌లోనే అచ్చయ్యే వాల్ స్ట్రీట్ జర్నల్. సొంత వీధిలోని బ్యాంకు అని వాళ్లేమీ వదల్లేదు. కాబట్టి దేశాభిమానం ఒక్కటే కాదు ఇక్కడ. నన్నడిగితే రిపోర్టర్ బల్ల మీద ఏ కాగితం ఉంది, దాన్ని అచ్చేస్తే రేపు ఏ కోర్టు మెట్లెక్కాలి, ఈ రెండే హెడ్డింగుని తయారు చేస్తాయి.

అమ్మా శ్రావణి, 2016 జులై 20న అమెరికా న్యాయశాఖ వేసిన దావా చూడు. వంద కోట్ల డాలర్లకి మించిన ఆస్తులు స్వాధీనం చేసుకోవాలని. అది మనుషుల మీద వేసిన క్రిమినల్ కేసు కాదు, ఆస్తుల మీద వేసిన సివిల్ దావా. ప్రతివాదులు వస్తువులే! బెవర్లీ హిల్స్ ఇళ్లు, ప్రైవేట్ జెట్, మోనే, వాంగో పెయింటింగులు, చివరికి నజీబ్ సవతి కొడుకు కంపెనీ తీసిన ఒక హాలీవుడ్ సినిమా హక్కులు కూడా. కాగితం నిండా వస్తువుల జాబితా ఉంటే వార్త నిండా వస్తువులే వస్తాయి. లక్ష్మమ్మ బ్యాగుల గురించి బాధపడింది చూడు, ఆ బీజం రెండేళ్ల ముందే ఆ దావాలో పడింది. ఈక్వానిమిటీ అని 25 కోట్ల డాలర్ల పడవ, దాన్ని 2018లో బాలి దగ్గర పట్టుకున్నారు, ప్రపంచంలో దాని ఫోటో వేయని పేపర్ లేదు.

ఇంకో తమాషా. ఆ దావాలో ప్రధాని పేరు ఎక్కడా లేదు, "మలేషియన్ అఫీషియల్ 1" అని ఉంది. చిన్నపిల్లాడికి కూడా అది ఎవరో తెలుసు. అమెరికా పేపర్లు కాగితంలోని ఆధారాలు కలిపి పేరు రాసేశాయి, అక్కడ 1964 నాటి సుప్రీం కోర్టు తీర్పు వల్ల ప్రభుత్వ పెద్దలు పరువు నష్టం కేసు గెలవడం చాలా కష్టం. కౌలాలంపూర్ పేపర్లు మాత్రం ఆ అఫీషియల్ ఎవరో తమకేమీ తెలియనట్టు వారాల తరబడి రాశాయి. చివరికి సెప్టెంబర్‌లో వాళ్ల మంత్రే బీబీసీ వాళ్లతో ఆ అఫీషియల్ ప్రధానే అని ఒప్పుకున్నాడు. బ్రిటన్‌లో ఇంకో బాధ. జో లో మీద ఒక పుస్తకం వస్తుంటే లండన్ లాయర్లు 2018లో పుస్తకాల షాపులకే నోటీసులు పంపారు, అమ్మితే కేసు వేస్తామని. ఇంత ఖర్చు పెట్టి వకీళ్లని పెట్టుకోగలిగినవాడి మీద రాసేటప్పుడు ఏ డెస్కులోనైనా పెన్ను కాస్త వణుకుతుంది. పిరికితనం అను, జాగ్రత్త అను.

మన తెలుగు పేపర్ల సంగతి చెప్తాను, కోపం తెచ్చుకోకండి. అంతర్జాతీయ పేజీకి వచ్చేది ఏజెన్సీ కాపీ. రాత్రి అన్ని ఎడిషన్ల ఒత్తిడిలో సబ్ ఎడిటర్‌కి దొరికేది పది నిమిషాలు. 1ఎండీబీ అంటే ఏంటో వివరించడానికి నాలుగు పేరాలు కావాలి, స్థలం ఉండేది రెండు పేరాలకే. అదే ఆస్ట్రేలియా మోడల్ మిరాండా కెర్ జో లో ఇచ్చిన 80 లక్షల డాలర్ల నగలు తిరిగిచ్చేసింది అనే ఐటమ్ అయితే వివరించక్కర్లేదు, బాక్స్ కట్టి ఫోటోతో వేసేయొచ్చు. అందుకే మనకి పార్టీల కథ మిగిలింది. మలేషియాలో తరతరాలుగా తెలుగువాళ్లున్నారు, వాళ్లలోనూ ప్రభుత్వోద్యోగులుంటారు, పెన్షన్ ఫండ్ ముక్క మనకి కూడా సంబంధించిందే, అయినా ఆ కోణం ఎవరికీ తట్టలేదు.

సత్యం వదిలేశానన్నావు, పూర్తిగా వదలకు. 2009 జనవరి 7న సత్యం అధిపతి రామలింగరాజు తప్పు ఒప్పుకుంటూ రాసిన ఉత్తరం వచ్చింది, లెక్కల్లో 7,136 కోట్ల తేడా. బయటి దేశాల పేపర్లకి అది "భారత ఎన్రాన్" (ఎన్రాన్ అంటే దొంగ లెక్కలతో కూలిన అమెరికా కంపెనీ), భారతీయ కంపెనీల్లో పాలన ఎలా ఉందో చూడండి అని. న్యూయార్క్ ఎక్స్ఛేంజ్‌లో షేర్లున్నాయి కాబట్టి అక్కడ మదుపరుల కథ. హైదరాబాద్‌లో మాకు అది మాదాపూర్‌లో ఉద్యోగం చేసే పిల్లల కథ, రాజు కుటుంబ కంపెనీ మేటాస్ కథ, మెట్రో రైలు కాంట్రాక్టు కథ, ప్రభుత్వం ఎవరిది అనే కథ. సాక్షి వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఈనాడు, సాక్షి రెండూ పక్కన పెట్టుకుని చదివినవాడికే ఆ నెలలో ఏం జరుగుతోందో అర్థమయ్యేది. శీనుకి అనుకూలంగా ఒక్క మాట ఒప్పుకుంటా, ఆడిట్ చేసింది ప్రపంచమంతా పేరున్న ప్రైస్ వాటర్‌హౌస్ కుటుంబానికి చెందిన సంస్థే అయినా బయటి హెడ్డింగుల్లో "భారత" అనే ముక్కే ఎక్కువ మెరిసింది.

సింగపూర్_శీను

బాబాయ్ గారూ, జర్నల్ గురించి మీరన్నది నిజమే. కానీ జర్నల్ రాసినంత మాత్రాన మిగతా అమెరికా పేపర్లన్నీ అలా రాశాయని కాదు కదా. వస్తువుల మీద దావా వల్ల కథ వస్తువుల మీదికి పోయింది అన్నది మాత్రం నాకు కొత్త విషయం, బాగుంది.

శ్రావణి_జె

అక్కా, అన్నా, బాబాయ్ గారూ, చాలా థ్యాంక్స్. ఒక డౌట్. పదేళ్ల వార్తలు పోల్చడం నావల్ల కాదు. ఒక్క వారమే తీసుకోవాలంటే ఏది తీసుకోను? జులై 2015 అనుకుంటున్నా, ఖాతాల వార్త వచ్చిన వారం.

కేఎల్_లక్ష్మి

నేనైతే 2018 మే రెండో వారం అంటాను. అదే పేపర్, అదే ఎడిటర్, ఎన్నికల ముందు రోజు ఒక మాట, నాలుగు రోజుల తర్వాత ఇంకో మాట. యజమాని మారలేదు, లైసెన్స్ చట్టం మారలేదు, మారింది ప్రభుత్వం ఒక్కటే. మీ సార్‌కి అదే మంచి జవాబు.

పాత_డెస్క్_బాబాయ్

లక్ష్మమ్మ చెప్పింది మలేషియా ఒక్కదానికైతే బ్రహ్మాండంగా ఉంటుంది. దేశాల మధ్య పోలికకి మాత్రం 2016 జనవరి చివరి వారం తీసుకో. 26న మలేషియా కొత్త అటార్నీ జనరల్ అపాండీ అలీ ప్రెస్ మీట్ పెట్టి, నజీబ్ ఖాతాలోకి వచ్చిన ఆ 68.1 కోట్ల డాలర్లు సౌదీ రాజకుటుంబం ఇచ్చిన కానుక, 62 కోట్లు తిరిగిచ్చేశారు, కేసు లేదు అన్నాడు. సరిగ్గా మూడు రోజులకి, 29న, స్విస్ అటార్నీ జనరల్ ఆఫీసు మలేషియా ప్రభుత్వ సంస్థల నుంచి దాదాపు 400 కోట్ల డాలర్లు దారి మళ్లి ఉండొచ్చని ప్రకటన ఇచ్చింది. ఇద్దరూ ప్రభుత్వ న్యాయాధికారులే, ఇద్దరివీ అధికారిక కాగితాలే, కాబట్టి మాకు ఆధారం లేదని ఏ పేపరూ తప్పించుకోలేదు. ఏ కాగితాన్ని మొదటి పేజీలో పెట్టారు, ఏది సింగిల్ కాలమ్‌కి కుదించారు, 29 నాటి వార్తలో 26 నాటి మాట ఎన్నో పేరాలో వచ్చింది, అవి చూస్తే చాలు.

సౌదీ వైపు కూడా వదలకు, ఆ ఏప్రిల్‌లో వాళ్ల విదేశాంగ మంత్రి అది నిజంగా విరాళమే అన్నాడు. జులైలో అమెరికా దావా వచ్చి ఆ డబ్బు సౌదీ నుంచి కాదు, 2013 బాండ్ల నుంచే వచ్చిందని చెప్పింది. ఏప్రిల్‌లో ఆ మాట మొదటి పేజీలో వేసిన పేపర్లు జులైలో ఏం చేశాయో లైబ్రరీలో ఫైళ్లు తీసి చూడు. ఆన్‌లైన్ ఆర్కైవ్‌లో మొదటి పేజీ ఏదో లోపలి పేజీ ఏదో తెలియదు, పీడీఎఫ్ ఎడిషన్ దొరికితేనే పని జరుగుతుంది.